రిపాజిటరీ సాఫ్ట్‌వేర్: వినియోగదారుల వినతుల సేకరణ

ప్రవేశిక

డీస్పేస్ సాఫ్ట్‌వేర్‌లో కమ్యూనిటీ, కలెక్షన్, ఐటమ్ అనే అంచెలు ఎలా అమరి ఉంటాయో, డబ్లిన్ కోర్‌లోని 15 మూలాంశాలతో ఒక థీసిస్‌ను ఎలా వర్ణిస్తారో ఇంతకు ముందు పాఠాల్లో చదివారు. సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ నెలకొల్పి, కొన్ని వందల థీసిస్‌లు ఎక్కించాక పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి గ్రంథాలయానికి కొత్త రకం మాటలు వినిపించడం అప్పుడే మొదలవుతుంది. "ఇందులో ఫలానాది లేదేమండీ?", "ఇక్కడొక బటన్ పెట్టించండి", "నా పేరు తప్పుగా వస్తోంది, మార్చండి" - ఇలాంటి మాటలను సేకరించి, వాటి వెనుక ఉన్న అవసరాన్ని గుర్తించి, సాఫ్ట్‌వేర్ రాసేవారికి పనికివచ్చే రూపంలో అందించడం ఈ పాఠంలోని విషయం. వీటిని 'సౌకర్య వినతులు' అని, క్లుప్తంగా 'వినతులు' అని పిలుద్దాం.

ఇది కంప్యూటర్ విభాగం పని కదా, గ్రంథాలయశాస్త్ర విద్యార్థులకు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. డీస్పేస్ చరిత్రలోనే దీనికి జవాబు ఉంది. దీన్ని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ గ్రంథాలయాలు, హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలలు కలిసి తయారుచేసి 2002 నవంబరులో విడుదల చేశాయి. సోర్స్ కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందువల్ల నేడు దానిలో కనిపించే సౌకర్యాలు చాలావరకు ఏదో ఒక గ్రంథాలయానికి అవసరమై పుట్టినవే. వేర్వేరు సేకరణలు వేర్వేరు రూపురేఖలతో కనిపించాలని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం మానకిన్ అనే ఇంటర్‌ఫేస్‌ను రూపొందించి ఇచ్చింది. పూర్తి పాఠం అందరికీ తెరిచి లేనప్పుడు రచయితను ఒక ప్రతి అడిగే సౌకర్యాన్ని పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం అభివృద్ధి చేసింది. అంటే పాఠకుని అవసరానికీ ప్రోగ్రామర్‌కూ మధ్య నిలబడి ఒకరి మాట మరొకరికి చేరవేసే మనిషి ఎప్పుడూ కావాలి. ఆ మనిషి గ్రంథాలయ నిపుణుడే అయితే పని బాగా జరుగుతుంది.

వినతి కూడా ఒక రెఫరెన్స్ ప్రశ్నే

రెఫరెన్స్ సేవ పాఠంలో రాబర్ట్ టేలర్ పేరు చదివారు. పాఠకుడు అడిగే ప్రశ్న నాలుగు దశలు దాటి మన బల్ల దగ్గరకు వస్తుందని ఆయన 1968లో ప్రకటించిన వ్యాసంలో వివరించారు. మొదట మనసులో మాటలకందని ఒక వెలితి; తరువాత దాని గురించిన ఎరుక; ఆపైన స్పష్టమైన ప్రశ్న; చివరకు, 'ఈ గ్రంథాలయంలో ఏది దొరుకుతుంది' అన్న తన అంచనాకు తగ్గట్టు పాఠకుడు మలచుకున్న ప్రశ్న. మనకు వినబడేది ఈ చివరిదే. మొదటి వెలితి ఏమిటో తెలుసుకోవడానికే రెఫరెన్స్ ఇంటర్వ్యూ.

సౌకర్య వినతి కూడా సరిగ్గా ఇలాగే వస్తుంది. పాఠకునికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తనకు తెలిసిన ఇతర సాఫ్ట్‌వేర్‌లను, తన ఫోనులో రోజూ చూసే యాప్‌లను దృష్టిలో పెట్టుకుని దానికి ఒక పరిష్కారం ఊహించుకుంటాడు. మన దగ్గరకు వచ్చి ఆ పరిష్కారాన్నే అడుగుతాడు. ఇబ్బంది సంగతి చెప్పడు. అది అందరికీ తెలిసిందేనని అతని నమ్మకం. మనం పరిష్కారాన్ని మాత్రమే రాసుకుని పంపితే, ప్రోగ్రామర్ దాన్ని అక్షరాలా చేసిపెట్టినా ఇబ్బంది అలాగే మిగిలిపోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముగ్గురు పరిశోధకులు వేర్వేరు రోజుల్లో వచ్చి ఒకే మాట అన్నారనుకోండి: "నా థీసిస్‌ను దాచిపెట్టే బటన్ పెట్టించండి." లెక్క ప్రకారం ఇది ఒకే వినతి, ముగ్గురి మద్దతు ఉంది. ఇప్పుడు ఒక్కొక్కరినీ "ఎందుకండీ?" అని అడుగుదాం. మొదటి పరిశోధకురాలి థీసిస్ పుస్తకంగా రాబోతోంది. అప్పటివరకు పూర్తి పాఠం బయటకు రాకూడదని ప్రచురణకర్త షరతు. ఆమెకు కావలసింది ఫలానా తేదీ వరకు నిలుపుదల. దీన్నే ఎంబార్గో అంటారు. ఇది డీస్పేస్‌లో ఉన్నదే, మన గ్రంథాలయంలో వాడుకలో పెట్టలేదు, అంతే. రెండవ పరిశోధకుని క్షేత్ర పరిశోధనలో మాట్లాడిన వ్యక్తుల పేర్లు, ఊళ్లు ఒక అనుబంధంలో ఉన్నాయి. థీసిస్ అందరూ చదవాలనే ఆయన కోరిక; ఆ ఒక్క ఫైలు మాత్రం మూసి ఉంచాలి. ఫైలు స్థాయిలో అనుమతులు నియంత్రించడం కూడా సాధ్యమే, కానీ ఇది ఎంబార్గో కాదు, తేదీతో దీనికి సంబంధం లేదు. మూడవవారి భయం వేరు: ఎవరైనా కాపీ కొట్టేస్తారేమో! దీనికి బటన్ మందు కాదు. రిపాజిటరీలో చేరిన తేదీ నమోదై ఉండడం తన రచనకు సాక్ష్యమని, దాచిన థీసిస్ కంటే బహిరంగంగా ఉన్న థీసిస్ నుంచి చేసిన దొంగతనం పట్టుకోవడం తేలికని ఆయనకు వివరించాలి. చూశారా, ఒకే మాట వెనుక ఒక సెట్టింగ్, ఒక అనుమతుల అమరిక, ఒక సంభాషణ ఉన్నాయి. కొత్త ప్రోగ్రామ్ రాయవలసిన అవసరం ముగ్గురిలో ఎవరికీ లేదు.

ఇలా అడిగేటప్పుడు గొంతు జాగ్రత్త. "అది ఎందుకు మీకు?" అంటే అభ్యంతరం చెప్పినట్లుంటుంది. "చివరిసారి ఈ అవసరం ఎప్పుడు వచ్చింది? అప్పుడు ఏం చేశారు?" అంటే మనిషి జరిగినది చెబుతాడు. ఊహ కంటే జరిగిన సంగతి ఎప్పుడూ నమ్మదగినది.

రోచెస్టర్‌లో తెలిసిన సంగతి

రిపాజిటరీలు పెట్టిన కొత్తలో అమెరికా విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒకే చిక్కు వచ్చింది. సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, సర్వర్ ఉంది, అధ్యాపకులు మాత్రం తమ వ్యాసాలు తెచ్చి అందులో పెట్టడం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం దీనికి ప్రశ్నావళి పంచలేదు. నాన్సీ ఫ్రైడ్ ఫాస్టర్ అనే మానవశాస్త్రవేత్త అధ్యాపకుల గదులకు వెళ్లి, వారు పరిశోధన పని నిత్యం ఎలా చేసుకుంటున్నారో దగ్గరుండి పరిశీలించారు. ఆమె, గ్రంథాలయ నిపుణురాలు సూసన్ గిబ్బన్స్ కలిసి 2005 జనవరి డీ-లిబ్ మ్యాగజైన్‌లో ఆ ఫలితాలు ప్రకటించారు.

అధ్యాపకులు కోరుకున్నవి ఏమిటి? సహరచయితలతో కలిసి ఒకే పత్రం మీద పనిచేయగలగాలి. ఒకే వ్యాసానికి ఉన్న పలు ప్రతుల్లో ఏది తాజాదో తెలియాలి. ఇంట్లో కంప్యూటర్, ఆఫీసులో కంప్యూటర్ - ఎక్కడినుంచైనా అందాలి. కాపీరైటు చిక్కులు రాకూడదు. సర్వర్ల బాధ్యత వేరెవరైనా చూసుకోవాలి. అన్నిటికీ మించి, ఇప్పటికే ఉన్న పనికి మరింత పని చేరకూడదు. వీటిలో 'మెటాడేటా', 'దీర్ఘకాలిక పరిరక్షణ', 'సంస్థాగత రిపాజిటరీ' అన్న మాటలు లేవు. గ్రంథాలయం మాత్రం తన ప్రచారంలో వాడుతున్నవి సరిగ్గా ఆ మాటలే. సంస్థ పేరుతో నడిచే ఏర్పాటులో తన సొంత పనికి ప్రయోజనమేమిటో అధ్యాపకునికి కనబడలేదు.

ఆ పరిశీలన ఆధారంగా గ్రంథాలయం తన డీస్పేస్‌కు పరిశోధకుల పేజీలు చేర్చింది. ప్రతి అధ్యాపకునికీ తన పేరున, తన రచనలతో ఒక పేజీ. ఆ పేజీ కావాలని మొదట ఎవరూ వినతి పెట్టలేదన్నది గమనించండి. తరువాత అదే విశ్వవిద్యాలయం, రచన సాగుతున్నప్పుడే ఉపయోగపడేలా ఐఆర్ ప్లస్ అనే వేరే సాఫ్ట్‌వేర్‌నే రూపొందించుకుంది.

ఇక్కడ 'వెర్షన్' అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. డీస్పేస్ మూడవ వెర్షన్‌లో ఐటమ్‌లకు పాఠాంతరాలు ఉంచే సౌకర్యం వచ్చింది. అది రిపాజిటరీలో చేరిన రచనకు సవరించిన ప్రతిని, పాతదాన్ని చెరపకుండా, జోడించడానికి. రోచెస్టర్ అధ్యాపకులు అడిగినది ఇంకా పూర్తికాని చిత్తుప్రతుల సంగతి. మాట ఒకటే, అవసరాలు రెండు. వినతుల పట్టికలో 'వెర్షన్లు కావాలి' అని మాత్రం రాసి ఉంటే ఈ తేడా ఎవరికీ తెలియదు.

తెలుగు పాఠకుని ఇబ్బందులు

మన భాషలో రిపాజిటరీ నడిపేవారికి ఎక్కువగా వినబడే ఫిర్యాదు "వెతికితే దొరకడం లేదు" అన్నది. దీన్ని 'అన్వేషణ మెరుగుపరచాలి' అని ఒక్క వాక్యంలో రాసి పంపితే ప్రోగ్రామర్‌కు ఏమీ అర్థం కాదు. ఏ మాట టైపు చేశారు, ఏది వస్తుందని అనుకున్నారు, ఏది వచ్చింది - ఈ మూడూ తెలియాలి. తెలిశాక చూస్తే, ఆ ఒక్క ఫిర్యాదులో కనీసం నాలుగు వేర్వేరు కారణాలు బయటపడతాయి.

ఒకటి, వర్ణక్రమం. 'గ్రంథాలయం' అని సరిగా రాసేవారు ఉన్నారు, 'గ్రంధాలయం' అని రాసేవారూ అంతమంది ఉన్నారు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు పదాలు. థీసిస్ శీర్షిక పేజీ మీదే రెండవ రూపం ఉంటే సూచికారుడు దాన్ని మార్చకూడదు. ఉన్నది ఉన్నట్లు రాసి, సరైన రూపాన్ని ప్రత్యామ్నాయ శీర్షికగా ఇవ్వాలి. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, మన సూచీకరణ పని.

రెండు, కంటికి కనబడని అక్షరం. 'సాఫ్ట్‌వేర్', 'రాజ్‌కుమార్' వంటి పదాల్లో పొల్లు హల్లు తరువాతి అక్షరం కింద వత్తుగా చేరకుండా ఆపడానికి యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది. ఒకరు దానితో టైపు చేస్తారు, మరొకరు లేకుండా చేస్తారు. అన్వేషణ యంత్రం ఆ గుర్తును పట్టించుకోకుండా పోల్చేలా అమర్చకపోతే ఒకరు ఎక్కించినది మరొకరికి దొరకదు. ఇది నిజంగా సాఫ్ట్‌వేర్ అమరికలో సరిచేయవలసిన విషయం. డీస్పేస్ అన్వేషణకు సోలర్‌ను వాడుతుంది. పదాలను ఎలా విడగొట్టాలో, ఏ గుర్తులను వదిలేయాలో అందులో నిర్దేశించవచ్చు. 'నవల' అని వెతికితే 'నవలల్లో' అన్నది రాకపోవడం కూడా ఈ కోవలోదే, కాకపోతే దాని పరిష్కారం ఇంకా కష్టం. మన విభక్తి ప్రత్యయాలు పదానికే అతుక్కుంటాయి కదా.

మూడు, పాత ఫాంట్లు. యూనికోడ్ వాడుక పెరగక ముందు డీటీపీ కేంద్రాల్లో అను వంటి ఫాంట్లతో థీసిస్‌లు టైపు చేయించేవారు. అలా తయారైన పీడీఎఫ్ తెరమీద చక్కని తెలుగులో కనిపిస్తుంది, లోపలి పాఠం మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల కుప్ప. పూర్తి పాఠంలో వెతికితే ఏమీ దొరకదు. దీనికి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి, లేదా ఓసీఆర్ చేయాలి. ఆ పని చేసేవరకు కనీసం విషయసంగ్రహాన్ని యూనికోడ్‌లో టైపు చేసి మెటాడేటాలో చేర్చడం ఉత్తమం.

నాలుగు, పేర్లు. నా దృష్టిలో అన్నిటికంటే అన్యాయం జరిగేది ఇక్కడే. ఎక్కించే ఫారంలో రచయిత పేరుకు రెండు గడులు ఉంటాయి: చివరి పేరు, మొదటి పేరు. పాశ్చాత్యుల పేరులో కుటుంబనామం చివర వస్తుంది కాబట్టి ఆ ఏర్పాటు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. కె. రామారావు అనే పరిశోధకుడు తన పేరును ఇంగ్లీషు పద్ధతిలో విడగొట్టి రాస్తే జాబితాలో 'రావు, కె. రామా'గా చేరతాడు. అలా రావులందరూ ఒకచోట, రెడ్లందరూ మరొకచోట పోగుపడతారు, ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగులుతుంది. అదే వ్యక్తి రెండవ వ్యాసం 'రామారావు, కె.' అని వస్తే ఆయన ఇద్దరు మనుషులవుతాడు. ఆయన మన దగ్గరకు వచ్చి "నా వ్యాసం కనబడడం లేదు" అంటారు. దాన్ని 'ఫైలు పోయింది' అని నమోదు చేసుకుంటే ఎంత పొరపాటో ఆలోచించండి. ఆయనకు కావలసింది నామ ప్రామాణీకరణ: ఎన్ని రూపాల్లో రాసినా ఒకే వ్యక్తి కింద చేరే ఏర్పాటు. 16 అంకెల ఓర్కిడ్ సంఖ్యతో అనుసంధానం, వ్యక్తికి పలు నామరూపాలు జోడించడం వంటివి డీస్పేస్ కొత్త వెర్షన్లలో ఉన్నాయి. గడుల మీద 'ఇంటిపేరు', 'పేరు' అని తెలుగులో రాయించడం మాత్రం మన చేతిలోనే ఉన్న పని, ఒక పూటలో అవుతుంది.

అడగనివారి అవసరం

వినతులు పెట్టేవారు ఎవరు? కార్యాలయానికి రాగలిగినవారు, మెయిల్ రాయగలిగినవారు, అడిగితే జరుగుతుందన్న నమ్మకం ఉన్నవారు. సంవత్సరానికి రెండుసార్లు మాత్రమే అధ్యయన కేంద్రానికి వచ్చే విద్యార్థి, ఫోనులో రాత్రి పదింటికి థీసిస్ తెరవడానికి ప్రయత్నించి, పెద్ద స్కాన్ ఫైలు సగం దిగి ఆగిపోతే, ఎవరికీ ఏమీ చెప్పదు. మళ్లీ రాదు, అంతే. మీలో చాలామంది ఈ కోవకు చెందినవారే కనుక నేను ఎక్కువ చెప్పనక్కరలేదు.

అందువల్ల వచ్చిన వినతులతో సరిపెట్టుకోకూడదు. ఫలితం సున్నాగా వచ్చిన అన్వేషణల జాబితాను నెలకొకసారి చదవండి. ఎవరు వెతికారన్నది అక్కరలేదు, అది తీసివేయించండి. ఏ మాట వెతికారన్నదే కావాలి. ఎక్కించడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఐటమ్‌లు ఏ పేజీ దగ్గర ఆగాయో చూడండి. ఒక విద్యార్థి పక్కన కూర్చుని, తన ఫోనులో ఒక థీసిస్ వెతకమని అడిగి, నోరు మెదపకుండా చూడండి. సాయం చేయాలని చేయి లాగుతుంది, ఆగాలి. ఐదుగురిని ఇలా చూస్తే తెలిసేది వందమందికి పంచిన ప్రశ్నావళి వల్ల తెలియకపోవచ్చు. 'మీకు ఏ సౌకర్యాలు కావాలి?' అని జాబితా ఇచ్చి టిక్కులు పెట్టమంటే అందరూ అన్నిటికీ పెడతారు. ఖర్చు లేదు కదా!

వినతిని రాసే పద్ధతి

సేకరించినదాన్ని మొదట మూడు గంపల్లో వేయాలి: ఉన్నది పనిచేయకపోవడం, ఉన్నదాన్ని మనం వాడుకలో పెట్టకపోవడం, అసలే లేకపోవడం. మూడవ గంపలోనివే నిజమైన సౌకర్య వినతులు. అవి మీరు అనుకున్నదానికంటే తక్కువ ఉంటాయి.

డీస్పేస్ వంటి సాఫ్ట్‌వేర్‌కు లోపాలు, వినతులు నమోదు చేసే బహిరంగ పట్టిక గిట్‌హబ్‌లో ఉంది. అక్కడ రాసేముందు అదే విషయం ఎవరైనా ఇదివరకే రాశారేమో వెతకాలి. ఉంటే కొత్తది రాయకుండా దాని కిందనే మన సందర్భం చేర్చాలి. ఒక నమోదులో ఒక్క విషయమే ఉండాలి. మీరు వాడుతున్న వెర్షన్ సంఖ్య తప్పక ఇవ్వాలి.

రాసే తీరు చూడండి. 'తెలుగు అన్వేషణ బాగుచేయండి' అన్నది వినతి కాదు, నిట్టూర్పు. దాని బదులు ఇలా రాయవచ్చు: 'మా రిపాజిటరీలో తెలుగు శీర్షికలు ఉన్నాయి. శీర్షికలో జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉన్న పదాన్ని ఆ గుర్తు లేకుండా వెతికితే ఫలితం సున్నా. ఫోను కీబోర్డులతో టైపు చేసే విద్యార్థులు ఈ గుర్తు వాడరు. ప్రస్తుతం మేము ప్రతి ఐటమ్‌కు గుర్తులేని శీర్షికను విడిగా చేర్చి నెట్టుకొస్తున్నాం. అన్వేషణలో ఈ గుర్తును లెక్కించకుండా ఉంటే సమస్య తీరుతుంది. ఈ గుర్తును వాడే ఇతర భాషలకూ ఇది వర్తించవచ్చు.' ఎవరికి, ఎప్పుడు, ఏం జరుగుతోంది, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు అన్నవి అన్నీ ఇందులో వచ్చాయి. చివరి వాక్యం ముఖ్యం. మనకు ఒక్కరికే పనికివచ్చేదాన్ని అందరి సాఫ్ట్‌వేర్‌లో చేర్చడానికి ఎవరూ ఉత్సాహం చూపరు.

అంగీకరించడం, కాదనడం

అన్నీ చేయలేం. అయితే ఎక్కువమంది అడిగినదే ముందు చేయాలన్న సూత్రం పైకి న్యాయంగా కనిపించినా గ్రంథాలయానికి చాలదు. తెర చదివే సాఫ్ట్‌వేర్ సాయంతో చదివే అంధ విద్యార్థులు ఇద్దరే ఉండవచ్చు. వారి వినతికి ఎప్పటికీ ఎక్కువ ఓట్లు పడవు. ఫైళ్లు చెడిపోలేదని తనిఖీ చేసే ఏర్పాటును పాఠకులెవరూ అడగరు. అడిగే రోజు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

ఒక్కోసారి రెండు వినతులు ఎదురెదురుగా నిలుస్తాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో థీసిస్‌లు అధ్యాయాల వారీగా వేర్వేరు పీడీఎఫ్‌లుగా ఉంటాయి. తక్కువ డేటా ఉన్న విద్యార్థికి ఇది వరం, కావలసిన అధ్యాయం ఒక్కటి దించుకుంటుంది. మొత్తం చదవదలచిన పరిశోధకునికి పది పన్నెండు ఫైళ్లు ఒక్కొక్కటిగా దించడం విసుగు. ఎవరి మాట వినాలి? ఇద్దరి పనీ చూస్తే పోటీ లేదని తెలుస్తుంది: అధ్యాయాలను అలాగే ఉంచి, అన్నిటినీ కలిపి దించే దారి ఒకటి అదనంగా ఇస్తే చాలు. వినతిని 'ఒకే ఫైలుగా మార్చండి' అని రాసుకుంటే మొదటి విద్యార్థికి నష్టం జరిగేది.

మరొక జాగ్రత్త స్థానిక మార్పుల గురించి. మన ప్రోగ్రామరే ఉన్నాడు కదా అని ప్రతి వినతికీ సొంత కోడ్ రాయించుకుంటే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అదంతా తిరిగి చేయాలి. 2021లో వచ్చిన డీస్పేస్ ఏడవ వెర్షన్‌లో పాత ఇంటర్‌ఫేస్‌లు జేఎస్‌పీయూఐ, ఎక్స్‌ఎంఎల్‌యూఐ రెండూ తొలగి, వాటి స్థానంలో యాంగులర్‌తో కొత్తది వచ్చింది. పాతవాటిలో చేసుకున్న స్థానిక మార్పులేవీ నేరుగా అందులోకి రాలేదు. పదిమందికి ఉపయోగపడే మార్పును మూల సాఫ్ట్‌వేర్‌కు పంపడం ఇందుకే లాభం.

చేసినా చేయకపోయినా వినతి పెట్టినవారికి జవాబు చెప్పాలి. "ఇది ఇప్పట్లో కాదండీ, కారణం ఇది, అంతవరకు ఇలా చేయవచ్చు" అన్న మూడు ముక్కలు చాలు. జవాబు రాని మనిషి రెండవసారి అడగడు, తోటివారినీ అడగనివ్వడు. ఆ తరువాత మన పట్టిక ఖాళీగా ఉంటే, అందరూ తృప్తిగా ఉన్నారని పైవారికి నివేదిక వెళుతుంది.

అభ్యాసం

కింది మాటలు ఒక విశ్వవిద్యాలయ రిపాజిటరీకి వచ్చాయనుకోండి. ఒక్కొక్కటి ఏ గంపలోకి వస్తుందో ఊహించి, నిర్ధారించుకోవడానికి మీరు అడగబోయే రెండు ప్రశ్నలు రాయండి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, పైన చూపిన పద్ధతిలో పూర్తి వినతిగా తిరిగి రాయండి.

"మా గైడు పేరు మీద నొక్కితే ఆయన దగ్గర చేసిన థీసిస్‌లన్నీ రావాలి."

"ఫోనులో తెరిస్తే అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి, యాప్ చేయించండి."

"కొత్త థీసిస్‌లు వచ్చినప్పుడు నాకు తెలియడం లేదు."